తుఫాను రాత్రికి చేతిలో ఏ రేడియో ఉండాలి?



వార్షికోత్సవ సంచిక అంటే కవితలు, జ్ఞాపకాలు, వార్డెన్ గారికి, వంట మనుషులకు కృతజ్ఞతలు ఉండడం ఆనవాయితీ. అవన్నీ ఉండాల్సిందే. మేము కొందరు పూర్వ విద్యార్థులం మాత్రం ఈసారి ఒక వస్తువు గురించి రాయదలిచాం. అది చేతిలో పట్టే వైర్‌లెస్ సెట్టు. మనందరి నోట్లో దాని పేరు వాకీటాకీ. తుఫాను వస్తే పనికొస్తుందని, ఏది కొనాలో చెప్పమని మన హాస్టల్ తమ్ముళ్లు అడుగుతున్నారు. ఏది కొనాలనే దానికన్నా ముందు ఏం నేర్చుకోవాలనేది తేలాలని మా అభిప్రాయం.

మనలో చాలామందిమి లంక గ్రామాల నుంచి, సముద్రపు ఒడ్డు పల్లెల నుంచి, ఊరికి పల్లాన కట్టిన కాలనీల నుంచి వచ్చినవాళ్లం. నీళ్లు ముందు వచ్చేది మన ఇళ్లకే, కబురు చివరికి వచ్చేదీ మన ఇళ్లకే. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెనలో వేలమంది కొట్టుకుపోయారు. ఆనాడు ఫోన్లు లేవు, అందుకే అలా జరిగింది అనుకుంటాం. మరి 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను తాకినప్పుడు అందరి జేబుల్లోనూ సెల్‌ఫోన్లు ఉన్నాయి. అంత పెద్ద నగరమూ మూగబోయింది. కారణం సులువే. టవర్‌కు కరెంటు కావాలి. కరెంటు పోతే బ్యాటరీ, జనరేటర్ కొన్ని గంటలు లాగుతాయి. డీజిల్ అయిపోయినా, కేబుల్ తెగినా, టవర్ ఒరిగినా ఫోన్ ఉత్త అద్దం ముక్క.

వైర్‌లెస్ సెట్టుకు మధ్యలో టవర్ అక్కర్లేదు. ఈ సెట్టు నుంచి ఆ సెట్టుకు నేరుగా మాట పోతుంది. దాని గొప్పతనమంతా ఇంతే. దాని హద్దు కూడా ఇక్కడే ఉంది. ఈ తరంగాలు దాదాపు చూపు పోయినట్టే తిన్నగా పోతాయి. పొలాల మధ్య నిలబడి మాట్లాడితే కొన్ని కిలోమీటర్లు. కొబ్బరితోటలు, మేడలు అడ్డొస్తే ఒకటి రెండు. అదే హాస్టల్ డాబా ఎక్కితే ఇంకా దూరం. పెట్టె మీద ముప్ఫై, నలభై కిలోమీటర్లని అచ్చు వేసిన మాట నమ్మి డబ్బు పోగొట్టుకోవద్దు.

2004 డిసెంబరులో సునామీ అండమాన్‌ను ముంచినప్పుడు, హామ్ రేడియో పని మీద పోర్ట్‌బ్లెయిర్ వెళ్లి ఉన్న భారతీ ప్రసాద్ బృందం ద్వీపాల కబుర్లు బయటి ప్రపంచానికి చేరవేసింది. అది విని చేతిసెట్టుతో మనమూ సముద్రం దాటి మాట్లాడొచ్చు అనుకోకూడదు. వాళ్లు వాడినవి షార్ట్‌వేవ్ సెట్లు, పెద్ద ఏరియల్స్. చేతిసెట్టు పని వేరు. ఊరికీ పునరావాస కేంద్రానికీ మధ్య, ఈ గట్టుకూ ఆ గట్టుకూ మధ్య మాట పోనివ్వడం దాని పని.

ఇక చట్టం సంగతి. మన దేశంలో లైసెన్సు లేకుండా వైర్‌లెస్ సెట్టు దగ్గర ఉంచుకోవడమే నేరం. ఆన్‌లైన్‌లో కనబడింది కదా అని కొన్నవాళ్లు ఇది తెలుసుకోవాలి. అడ్డూ అదుపూ లేని ఈ అమ్మకాల మీద 2025లో కేంద్రం మార్గదర్శకాలు కూడా తెచ్చింది. 446.0 నుంచి 446.2 మెగాహెర్ట్జ్ మధ్య పనిచేసే తక్కువ శక్తి సెట్లకు మాత్రం లైసెన్సు మినహాయింపు ఉంది. అవీ ప్రభుత్వ ఆమోదం ఉన్న రకమే అయ్యుండాలి. హాస్టల్ ఆవరణలో, పక్క వీధి దాకా మాట్లాడుకోవడానికి అవి చాలు.

అంతకు మించి కావాలంటే దారి హామ్ లైసెన్సు. పన్నెండేళ్లు నిండినవారు పరీక్ష రాయవచ్చు. అందులో అడిగేది కొంత ఎలక్ట్రానిక్స్, కొన్ని నిబంధనలు. మన పదో తరగతి భౌతికశాస్త్రం బాగా చదివినవాడికి అది కొండ కాదు. హైదరాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో ఈ విద్య నేర్పడానికి పుట్టిన సంస్థే.

కాబట్టి మా సలహా వరుస ఇది. మొదట సెల్లు వేసే మామూలు రేడియో కొనండి. ఆకాశవాణి తుఫాను హెచ్చరిక వినడానికి లైసెన్సు అక్కర్లేదు, టవరూ అక్కర్లేదు. తర్వాత లైసెన్సు. ఆ తర్వాతే సెట్టు.

సెట్టు కొనేటప్పుడు చూడాల్సినవి నాలుగు. 144 నుంచి 146 మెగాహెర్ట్జ్ హామ్ బ్యాండ్‌లో 5 వాట్ల సెట్టు కొత్తవారికి సరిపోతుంది. కరెంటు లేని రోజుల్లో చార్జర్ పనిచేయదు గనుక, మామూలు పెన్సిల్ సెల్లు వేసుకునే డబ్బా గానీ, రెండో బ్యాటరీ గానీ దొరికే రకం తీసుకోవాలి. వానలో వాడేది గనుక నీళ్లకు తట్టుకోవాలి. IP67 అని ఉంటే మీటరు లోతు నీళ్లలో అరగంట మునిగినా పాడవదని అర్థం. నాలుగోది ఏరియల్. సెట్టుతో వచ్చే పొట్టి రబ్బరు ఏరియల్ మార్చి అర మీటరు పొడుగుది పెడితే మాట స్పష్టమవుతుంది. వాట్లు పెంచడానికి పెట్టే డబ్బు కన్నా ఈ ఖర్చు మేలు. తెర రంగులు, బొత్తాల సంఖ్య చూసి మోసపోవద్దు. చీకట్లో, తడిచేతులతో నొక్కగలిగేదే మంచి సెట్టు.

రెక్కాడితే గాని డొక్కాడని ఇళ్ల పిల్లలకు ఈ సరదాలెందుకని కొందరు అంటారు. వారికి మా జవాబు ఒక్కటే. హామ్ రేడియో డబ్బున్నవాళ్ల సరదాగా ఉన్నంతకాలం, ఆపదలో సెట్టు పట్టుకుని వచ్చేవాడు నగరం నుంచే రావాలి. రోడ్డు తెగితే అతను ఎప్పటికి వస్తాడు? మన కాలనీలో పుట్టిన పిల్లవాడికే ఆ విద్య వస్తే ఎదురుచూడాల్సిన పని లేదు. ఏ గుడిసెలో ముసలమ్మ ఉందో, ఏ ఇంట్లో నిండు చూలాలు ఉందో అతనికే తెలుసు.

అయితే తలా ఒక సెట్టు కొనమని మేము అనడం లేదు. హాస్టల్‌కు రెండు సెట్లు చాలు. పరీక్ష ఫీజులు, సెట్ల ఖర్చు పూర్వ విద్యార్థులం పంచుకుందాం. లైసెన్సు వచ్చినవారు నెలకొక ఆదివారం డాబా మీద నుంచి మాట్లాడి అలవాటు చేసుకోవాలి. ఒకరు మాట్లాడుతుంటే రెండోవారు వినడం, పొడి మాటల్లో చెప్పడం, ఊరి పేరు, మనుషుల లెక్క తప్పు లేకుండా రాసుకోవడం సాధనతోనే వస్తాయి. వాడని సెట్టు బీరువాలోనే చచ్చిపోతుంది.

ఇల్లు కాలుతుంటే బావి తవ్వడం మనకు వద్దు. వచ్చే వార్షికోత్సవం నాటికి మన హాస్టల్ నుంచి కనీసం ఇద్దరు హామ్ పరీక్ష రాసి ఉండాలని మా కోరిక. రాయడానికి ముందుకొచ్చే తమ్ముళ్లు వార్డెన్ గారికి పేర్లు ఇవ్వండి. పుస్తకాలు, ఫీజు మా పూచీ.