నేలలోని కనరాని కూలివారు

గుంటూరు, ప్రకాశము జిల్లాల నల్లరేగడి భూములకు ప్రత్తియు మిరపయు ప్రధానమైన పైరులు. మన పాఠశాలల బాలబాలికలలో పెక్కండ్ర పుస్తకములును దుస్తులును ఈ పైరుల రాబడివలననే సమకూరుచున్నవి. కావున నేల యారోగ్యమును గూర్చి విద్యార్థులు విచారించుట యుచితమే యని మా యభిప్రాయము.

నేల నిర్జీవమని పలువురు తలతురు. చెంచాడు మంచి మట్టిలో కోట్లకొలది సూక్ష్మజీవులు నివసించుచున్నవి. అవి రాలిన యాకును, చచ్చిన వేరును కుళ్ళజేసి మరల పైరునకు ఆహారముగా మార్చును. పైరును ఆ ఋణము నుంచుకొనదు. తాను ఆకులలో వండుకొన్న చక్కెరలో కొంత వేళ్ళద్వారా వానికి పంచిపెట్టును. ఏటేట నొకే పైరు వేసిన చేనిలో ఆ వేరునకు అలవడిన జీవులే, తెగులు కలిగించు శిలీంధ్రములతోగూడ, ప్రబలును. పలు పైరులు కలసియున్నచోట పలు విధములైన జీవులకు తిండి దొరకును.

మన పెద్దలు జొన్నలో కందిని కలిపి విత్తుచుండిరి. జొన్నతో కలిసిన కందికి ఎండుతెగులు తగ్గునని పటాన్‌చెరువులోని ఇక్రిశాట్ పరిశోధనలవలన తెలియవచ్చినది. ప్రత్తిసాళ్ళ నడుమ కందిని, మినుమును, పెసరను వేయవచ్చును. కందిమొక్కను మెల్లగా పెకలించి చూడుడు. వేళ్ళపై చిన్న బుడిపెలు కనబడును. కోసినపుడు లోపల నెఱ్ఱగానున్న, అవి పనిచేయుచున్నవని గుర్తు. వానిలో నివసించు రైజోబియమును 1888లో హాలెండు శాస్త్రజ్ఞుడు బైజరింకు వేరుచేసి చూపెను. గాలిలోని నత్రజనిని పైరునకు ఆహారముగా మార్చునది యిదియే. మిరపచేనిలో బంతి వేసిన, దాని వేళ్ళనుండి స్రవించు పదార్థము వేళ్ళకు ముళ్ళు కట్టించు నులిపురుగులను తగ్గించును.

ఇది సర్వరోగనివారిణి యని మేము చెప్పము. 1987-88లో ప్రత్తిని తెల్లదోమయు, 2021-22లో మిరపను నల్ల తామరపురుగును పాడుచేసినపుడు రైతులు పడిన కష్టము నెల్లరు నెఱుగుదురు. అట్టి విపత్తు నడుమసాళ్ళ కందివలన మాత్రమే తొలగదు. అయినను, రెండవ పైరు చేతికివచ్చిన యింట ఆ యేడు అన్నమైనను నిలుచును.

ఇంత మేలున్నపుడు రైతు లేల చేయరని కొందఱడుగుదురు. కౌలురైతు మరుసటి యేడు ఆ చేను తనకు దక్కునో లేదో యెఱుగడు. పప్పుపైరు నేలలో విడిచిన సారము తరువాతి పైరునకే యెక్కువగా ఉపకరించును. అప్పటికి చేను మఱియొకని చేతబడవచ్చును. అట్టివానిని దూరదృష్టి లేనివాడని నిందించుట న్యాయము కాదు. కావున భూమిగల తలిదండ్రులకు మా విన్నపము: కౌలును ఏటికేడుగాక మూడేండ్లకైనను ఇండు; ప్రతిగా కొన్ని సాళ్ళు పప్పుపైరు వేయుమని కోరుడు. నేల మీదే గదా, దాని బలము మీకే మిగులును.

విద్యార్థులారా! గుంటూరు చెంతనున్న లాం పరిశోధనాస్థానము 1922 నుండి మన పైరులకు సేవచేయుచున్నది. అచ్చటివారి సలహాను మీ తండ్రులకు తెలియజేయుడు. పాఠశాల తోటలో నొకమడి ప్రత్తి యొంటిగాను, వేఱొకమడి పెసరతో కలిపియు పెంచి, రెండు మడుల మట్టిని, వేళ్ళను పోల్చి చూడుడు. కూలి యడుగక రేయింబవళ్ళు పాటుపడు ఆ చిన్నజీవులకు తిండి పెట్టుట మన ధర్మము.