పొరుగువాడు లేని పాఠం

క్రైస్తవ సంఘాలలో పెద్దలకు విశ్వాసాన్ని గురించి ఏమి నేర్పాలి, ఎట్లా నేర్పాలి అనేది చర్చి గోడల లోపలి వ్యవహారమనీ, బయటివాళ్లు తలదూర్చవలసిన పని లేదనీ చాలామంది అనుకుంటారు. నేను అట్లా అనుకోను. తెలుగుదేశపు క్రైస్తవ సంఘాలలో అత్యధిక సంఖ్యాకులు మాల మాదిగ పల్లెల ప్రజలు. పగలంతా కూలి చేసుకునే ఆడా మగా వారానికి ఒక్కరోజైనా ఒకచోట కూర్చుని, చదివేది వింటూ, విన్నదాన్ని గురించి ఆలోచించే వీలున్న స్థలం చాలా పల్లెలలో చర్చి ఒక్కటే. అక్కడ ఏ పాఠం నడుస్తున్నదో, ఆ పాఠం మనిషిని ఎటు నడిపిస్తున్నదో అభ్యుదయాన్ని కోరే ప్రతివానికీ పట్టవలసిన విషయమే.

నా వాదం ఇది: పెద్దలకు చెప్పే విశ్వాస పాఠమూ, పొరుగువారికి చేసే సేవా వేరువేరు శాఖలుగా నడిచినంతకాలం రెండూ చెడిపోతాయి. పాఠం వల్లెవేతగా దిగజారుతుంది. సేవ ముష్టిగా దిగజారుతుంది. ఇవాళ మన సంఘాలలో జరుగుతున్నది ఇదే.

పిల్లలకు ఆదివారపు బడి ఉంది. వేసవి సెలవుల్లో ప్రత్యేకంగా బైబిలు తరగతులున్నాయి. పాటలు, బొమ్మలు, బహుమతులు ఉన్నాయి. పెద్దల మాటేమిటి? బాప్తిస్మానికో, కన్ఫర్మేషనుకో ముందు కొద్ది వారాలు ప్రశ్నలూ జవాబులూ కంఠస్థం చేయిస్తారు. ఆ తర్వాత నలభై ఏళ్లపాటు ప్రసంగం వినడమే వారి చదువు. నడుమ నడుమ ఉజ్జీవ కూటాలు, మైకుల హోరు, స్వస్థతల సాక్ష్యాలు. ఇక సేవ సంగతి. క్రిస్మసు ముందు విధవరాండ్రకు చీరలు, ముసలివాళ్లకు దుప్పట్లు, పంచిపెట్టిన వారికి ఫోటోలు. పాఠం చెప్పేవారికి ఈ చీరలతో నిమిత్తం లేదు. చీరలు పంచేవారికి ఆ పాఠంతో నిమిత్తం లేదు.

ఒక పల్లె సంఘంలో ఇటువంటి తరగతికి నేను కొన్ని వారాలు వెళ్లి కూర్చున్నాను. ఒకనాటి పాఠం మంచి సమరయుని ఉపమానం. దెబ్బలు తిన్నదెవరు? బాటసారి. చూసీ చూడనట్టు పోయినదెవరు? యాజకుడూ, లేవీయుడూ. ఆదుకున్నదెవరు? సమరయుడు. జవాబులన్నీ తడుముకోకుండా వచ్చాయి. బోధకుడు సంతోషించి ప్రార్థన చేసి ముగించాడు. ఆ వారమే ఆ ఊళ్లో ఒక తాపీకూలి పరంజా మీదనుంచి పడి కాలు విరగ్గొట్టుకుని, పని లేక, పథ్యం లేక మంచాన పడి ఉన్నాడు. ఆ సంగతి తరగతిలో అందరికీ తెలుసు. నేను కదిలించి చూస్తే వచ్చిన సమాధానం: “అతను అవతలి పల్లెవాడండీ. వాళ్ల మిషను వేరు, వాళ్ల పాస్టరుగారు వేరు.” చెప్పిన మనిషి క్రూరుడు కాడు. తనకు చెప్పిన పాఠాన్ని చెప్పినంతవరకే నేర్చుకున్నాడు.

నిజానికి ఆ ఉపమానమే ఒక వయోజనుల పాఠం. లూకా సువార్త పదో అధ్యాయంలో ప్రశ్న అడిగినవాడు పసివాడు కాడు, ధర్మశాస్త్రం తెలిసిన పండితుడు. దేవుని ప్రేమించాలి, పొరుగువాని ప్రేమించాలి అని తప్పు లేకుండా అప్పజెప్పినవాడు. మన తరగతుల లెక్కన అతనికి నూటికి నూరు మార్కులు. కాని యేసు అక్కడ పాఠం ముగించలేదు. నా పొరుగువాడెవడు అని అతను హద్దులు అడిగితే, హద్దులు చెప్పకుండా యెరికో దారిలో పడి ఉన్న మనిషిని చూపించాడు. అతనికి పొరుగువాడైనదెవడు అని ప్రశ్ననే తిరగేశాడు. పైగా ఆదుకున్నవాడు యూదులు అంటరానివానిలా చూసే సమరయుడు. వెళ్లి నీవూ అట్లాగే చెయ్యమనడంతో ఆ పాఠం ముగిసింది. బాటకు చేరని పాఠం ఆ గురువు దృష్టిలో పాఠమే కాదు.

ఇది నేను కొత్తగా కనిపెట్టిన వ్యాఖ్యానం కాదు. తెలుగు సంఘాల పుట్టుకలోనే దీనికి సాక్ష్యం ఉంది. 1866లో ఒంగోలు వచ్చిన అమెరికన్ బాప్తిస్టు మిషనరీ జాన్ క్లౌ వద్దకు మొదట చేరినవారిలో ముఖ్యుడు తోళ్ల వర్తకం చేసే యర్రగుంట్ల పేరయ్య. మాదిగలను చేర్చుకుంటే మేము రామని ఒంగోలు అగ్రవర్ణాలవారు హెచ్చరించారు. క్లౌ మాదిగల పక్షమే నిలిచాడు. కొత్తగా చేరినవారికి పెట్టిన నియమాలు ముఖ్యంగా మూడు: ఆదివారం పని మానాలి, చచ్చిన గొడ్డు మాంసం మానాలి, విగ్రహపూజ మానాలి. పైకి ఇవి మతనియమాలు. కాని ఆదివారం పని మానడమంటే ఆసామి పిలుపును కాదనడం. విగ్రహపూజ మానడమంటే జాతరలో డప్పు కొట్టననడం. చచ్చిన గొడ్డు ముట్టననడమంటే ఊరు తనకు కట్టబెట్టిన నీచస్థానాన్ని తిరస్కరించడం. అందుకే ఊరి పెద్దలకు కోపం వచ్చింది. ఆ పెద్దలు వేదాంత చర్చకు దిగలేదు. ఆ పాఠం పొలాన్నీ, జాతరనూ తాకింది కాబట్టే వాళ్లు కదిలారు.

తర్వాత 1876-78 నాటి మహాక్షామం వచ్చింది. క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొన్ని మైళ్ల పని గుత్తకు తీసుకుని ఆకలితో ఉన్నవారికి పని కల్పించాడు. క్షామ సహాయం సాగినంతకాలం, ఏడాదికి పైగా, బాప్తిస్మాలు ఆపివేశాడు. కూడు కోసం మతంలో చేరారన్న మాట రాకూడదనీ, కూడు చూపించి మతంలోకి లాగకూడదనీ అతని ఉద్దేశం. ఆ తర్వాతే 1878 జూలై 3న గుండ్లకమ్మ ఏటిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఇచ్చినవారు దేశీయ బోధకులు. ఈ అంకెను ప్రతి జూబిలీ సభలోనూ గర్వంగా చెప్పుకుంటారు. దానికి ముందు నడిచిన ఏడాది పైచిలుకు మౌనాన్ని గురించి ఎంతమంది చెబుతున్నారు? నాకు ఆ అంకెకంటె ఆ మౌనమే గొప్పది. సేవ ఎర కాకూడదన్న పాఠం అందులో ఉంది.

ఈ చరిత్రకు రెండో వైపు కూడా ఉంది. దాన్ని దాచడం విమర్శకుని పని కాదు. ఆ కాలువ పరాయి ప్రభుత్వపు కాలువ. ఆ ప్రభుత్వమే 1877లో రిచర్డ్ టెంపుల్ సలహాతో క్షామపు కూలిని ఒక పౌను ధాన్యానికీ, ఒక అణాకూ కుదించింది. మిషను ఆ పాలన నీడలోనే పనిచేసింది. క్షామాన్ని ఎదుర్కొన్నదే తప్ప, క్షామాన్ని తెచ్చిపెట్టిన పాలనను నిలదీయలేదు.

దోర్నకల్ చరిత్ర చూసినా ఇంతే. 1912లో ఆంగ్లికన్ సంఘంలో మొట్టమొదటి భారతీయ బిషప్పు అయిన వేదనాయగం శామ్యూల్ అజరయ్య అక్షరం రాని పెద్దలకు పాటల ద్వారా, కథల ద్వారా బోధించే పద్ధతిని పెంచాడు. మురికి, రోగం, అప్పు, తాగుడు అనే నాలుగు దయ్యాలతో పోరాడమన్నాడు. విశ్వాసాన్ని వాకిలి చిమ్మడంతోనూ, అప్పుపత్రంతోనూ ముడిపెట్టిన మేధావి ఆయన. ఐతే ఈ నాలుగు దయ్యాలూ ఒక జాతివి కావు. మురికినీ, తాగుడునూ కొంతవరకు ఇంటివాళ్లే వదిలించుకోగలరు. అప్పు అట్లా కాదు. దానికి ఇంకొక ఇంట్లో ఒక ఖాతా పుస్తకం ఉంది, వడ్డీ రేటు ఉంది, తాకట్టులో ఉన్న పొలం ఉంది. అప్పును దయ్యమన్న పాఠం ఆ ఖాతా పుస్తకాన్ని కూడా తెరిపించాలి. తెరిపించని చోట అది పేదవానికి నీతులు చెప్పడంగా మిగిలిపోతుంది.

ఇక పొరుగువాని సంగతి. గుంటూరు ప్రాంతపు లూథరను సంఘాలలో మాలలు ఎక్కువ, ఒంగోలు ప్రాంతపు బాప్తిస్టు సంఘాలలో మాదిగలు ఎక్కువ. మిషనులు పంచుకున్న సరిహద్దులు కులపు సరిహద్దులకు కొత్త బలాన్నిచ్చాయి. మన యెరికో బాట ఆ రెండు పల్లెల మధ్యనే ఉంది. చర్చి రిజిస్టరు పొరుగువాని నిర్ణయించినంతకాలం ఆ ఉపమానాన్ని ఎన్నిసార్లు చదివినా ఒకటే.

1985 జూలైలో కారంచేడులో మాదిగలు తాగే నీటి చెరువును భూస్వాముల కుటుంబాలవారు మురికి చేయడం దగ్గర గొడవ మొదలైంది. అడ్డుపడి, కొట్టబోయినవారిపైకి బిందె ఎత్తిన స్త్రీ మున్నంగి సువార్త. మరునాడు, 17వ తేదీన, పల్లెపై దాడి చేసి ఆరుగురిని చంపారు. తప్పించుకుని చీరాల చేరినవారికి చర్చి ఆవరణలో నీడ దొరికింది. ఆ ఆవరణలో ఆనాడు జరిగినది సేవ. బాధితులు అక్కడ కూర్చుని తమ బాధకు మూలమేమిటని అడగడం మొదలుపెట్టారు. అది చదువు. రెండూ ఒకే చోట, ఒకే రోజున జరిగాయి. నేను అడుగుతున్నది ఇంతే: నెత్తురు చిందాక తెరుచుకున్న గేటు, అంతకుముందు మామూలు ఆదివారాలలో ఎందుకు తెరుచుకోదు?

దీనికి రెండు వైపులనుంచి ఆక్షేపణ వస్తుంది. భక్తులు కొందరు, మనిషి రక్షణ పొందేది విశ్వాసం వల్ల, క్రియల వల్ల కాదు, కనుక సేవను పాఠంలో కలపవద్దంటారు. 1842లో హేయర్ అయ్యగారు గుంటూరులో అడుగుపెట్టిన నాటినుంచీ లూథరు పేరు మనకు పరిచితమే. ఆ లూథరే 1520లో క్రైస్తవుని స్వాతంత్య్రాన్ని గురించి రాస్తూ, విశ్వాసం వల్ల ఎవరికీ లోబడనివాడు ప్రేమ వల్ల అందరికీ సేవకుడని వాదించాడు. సేవ రక్షణకు చెల్లించే వెల కాదు, నిజమే. కాని సేవలోకి పారని విశ్వాసం ఉన్నదో లేదో ఎవరికి తెలుస్తుంది?

రెండో ఆక్షేపణ మన మిత్రులది. మతం మత్తుమందు, దాని పాఠాలు బాగుచేయడం మన పనా అంటారు. ఈ మాటలో నిజం లేకపోలేదు. స్వస్థత కూటాల హోరులో నేను దాన్ని కళ్లారా చూశాను. కాని 1844లో ఆ మాట రాసిన మార్క్సు, మతంలో పీడితుల నిట్టూర్పును కూడా విన్నాడు. ఆ నిట్టూర్పు పల్లె చర్చిలో ప్రతి ఆదివారం వినబడుతున్నది. దాన్ని వినకుండా సిద్ధాంతం మాత్రం చెప్పే అభ్యుదయవాది, పక్కనుంచి పోయిన లేవీయునికంటె ఏమి మెరుగు?

సంఘాల పెద్దలను నేను కోరేవి కొన్నే. పెద్దల తరగతిని బాప్తిస్మంతో ఆపకండి, ఏడాది పొడుగునా నడపండి. సగం కాలం చదవండి, సగం కాలం వీధిలో గడపండి. ఆసుపత్రికి తోడు వెళ్లడం, పింఛను కాగితం రాసిపెట్టడం, రాని కూలిని అడగడానికి వెంట నిలబడడం, శవాన్ని మోయడం — ఇవి ఆ వారపు పాఠాలు. తిరిగి వచ్చాక ఏమి చేశాము, ఎక్కడ భయపడ్డాము, ఈ కష్టానికి కారకులెవరు అని చర్చించండి. సాయం పొందేవాని మతమూ, కులమూ, మిషనూ అడగకండి. సాయం చేసి ఫోటో తీయకండి. సంఘపు జమాఖర్చులు ఆ తరగతి ముందే చదవండి. అన్నిటికంటె ముందు, రెండు పల్లెల వాళ్లనూ ఒకే చాప మీద కూర్చోబెట్టండి.

ఇందుకు కొత్త నిధులు అక్కరలేదు, విదేశీ పుస్తకాలు అక్కరలేదు. కావలసింది ధైర్యం. మొదటివారమే ఆసామి ముఖం ముడుచుకోవచ్చు. సంఘంలోని పెద్దింటివారు కానుక తగ్గించవచ్చు. ఒంగోలు పల్లెలలో తొలినాటి విశ్వాసులు ఇంతకంటె పెద్ద కోపాలనే భరించారు. వారి మనుమలూ, మునిమనుమలూ ఈపాటి భరించలేరని నేను నమ్మను.