రిటైరయ్యేదెవరు? దాచుకునేదెవరు? (పని – పింఛను: 4)

రిటైరయ్యాక కూడా రిటైర్మెంట్ ఖాతాలో డబ్బు వేసుకోవచ్చా? వేసుకోవచ్చు. ఎన్‌పీఎస్‌లో చేరే వయసును 2021లో 65 నుంచి 70కి పెంచారు. 60 దాటినా ఖాతా మూయకుండా కట్టుకుంటూ పోవచ్చు. మంచిదే. పెద్దవయసులో నాలుగు రూపాయలు దాచుకునే వాళ్ల మీద నాకేం పేచీ లేదు.

నా పేచీ వేరు. మున్సిపాలిటీ కాంట్రాక్టులో చీపురు పట్టిన మన అక్కకు రిటైర్మెంట్ ఎక్కడుంది? వయసైందని కాంట్రాక్టరు పేరు కొట్టేస్తే, మర్నాడు ఏ అపార్ట్‌మెంట్‌లోనో అంట్లు తోముతుంది. పని ఆగదు, కూలి మాత్రమే తగ్గుతుంది.

ఆమె కోసమే అని చెప్పిన పథకాలు చూడండి. 2015లో వచ్చిన అటల్ పెన్షన్ యోజన, 2019లో వచ్చిన శ్రమయోగి మాన్‌ధన్: రెండిట్లోనూ 40 ఏళ్లు దాటితే చేరడానికి లేదు. దాచుకోగలిగినవాడికి 60 దాటాక కూడా తలుపు తీసే ఉంది. పొట్ట గడవడమే కష్టమైన మనిషికి 40కే గడియ పడింది.

"ఎన్‌పీఎస్‌లో ఎవరైనా చేరొచ్చుగా" అంటారు. చేరొచ్చు. కానీ అందులో ఇంత పింఛను వస్తుందన్న హామీ లేదు. మార్కెట్ ఎలా ఉంటే అలా. హామీ ఉన్నచోట వయసు అడ్డం, వయసు అడ్డంలేని చోట హామీ లేదు.

"ఆలస్యంగా చేరితే వాయిదా పెరుగుతుంది" అనేది ఇంకో మాట. నిజమే. అటల్ పెన్షన్‌లో నెలకు 1,000 పింఛనుకు 18 ఏళ్లవాళ్లు 42 రూపాయలు కడితే, 40 ఏళ్లవాళ్లు 291 కట్టాలి. మరి 18 ఏళ్లప్పుడు ఆమె చేతిలో జీతం చీటీ పెట్టిందెవరు? ఆలస్యం ఆమెది కాదు, ఆమెను లెక్కలో రాయని వ్యవస్థది.

ఈపీఎస్ సంగతీ అంతే. 10 ఏళ్ల సర్వీసు లేకపోతే నెలనెలా పింఛను రాదు. కాంట్రాక్టరు మారినప్పుడల్లా కొత్త నంబరు పడి, పాతది కలవకపోతే, ఇరవై ఏళ్ల చాకిరీ కూడా కాగితం మీద ముక్కలే.

అడగాల్సింది స్పష్టంగా అడుగుదాం. 40 హద్దు ఎత్తేయాలి. ఆలస్యంగా చేరేవాళ్ల అదనపు వాయిదా ప్రభుత్వం భరించాలి. మాన్‌ధన్‌లో సమానవాటా వేస్తున్న ప్రభుత్వానికి ఇదేం కొత్త కాదు. కాంట్రాక్టర్లు ఎందరు మారినా పనిచేసిన ప్రతి ఏడూ సర్వీసులో కలపాలి.

ఊరి మురికి మోసిన చేతులకు ముసలితనంలో దక్కాల్సింది దయ కాదు, బాకీ.

జై భీమ్.