టేబుల్ లైటు మీద బ్యాట్‌మనేనా, మన గంటం దొర ఉండకూడదా?

పోస్టు కొంచెం పెద్దదే, ఓపికగా చదవండి.

నేనుండేది పెద జాలరిపేటలో ఒక హాస్టల్లో. రూముకి నలుగురం. రాత్రి పది దాటితే పెద్ద లైటు ఆపేయాలి, అందుకని ఎవరి టేబుల్ లైటు వాళ్ళే చేసుకుంటున్నాం. ఇప్పుడు అందరిదీ ఒకటే మోజు. చెప్పుల డబ్బాకి గబ్బిలం ఆకారంలో కన్నం కోసి లోపల ఎల్‌ఈడీ పెడితే, గోడ మీద బ్యాట్‌మన్ గుర్తు పడుతుంది. సరదాగానే ఉంటుంది, నేను కాదనను. కానీ డబ్బా మనది, కత్తెర మనది, చెయ్యి మనది. గుర్తు మాత్రం ఎందుకు అరువు తెచ్చుకోవాలి?

బ్యాట్‌మన్ 1939లో అమెరికా కామిక్ పుస్తకంలో పుట్టాడు. దానికి 17 ఏళ్ళ ముందే, 1922 ఆగస్టు 22న, మన మన్యం వాళ్ళు చింతపల్లి పోలీస్ స్టేషన్ మీద పడి తుపాకులు పట్టుకుపోయారు. తర్వాతి రెండు రోజుల్లో కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి. అల్లూరి సీతారామరాజు పేరు అందరికీ తెలుసు, తెలియాలి కూడా. మరి ఆయన పక్కన నిలబడ్డ గాం గంటం దొర, గాం మల్లుదొర? గూడెం డిప్యూటీ తహసీల్దార్ బాస్టియన్ మనవాళ్ళని కొండ రోడ్డు పనికి తోలి కూలి సరిగ్గా ఇవ్వలేదు. ఆ కోపంలోంచి లేచిన మనుషులు వీళ్ళు. గంటం దొర 1924లో ప్రాణం ఇచ్చాడు. మల్లుదొరని అండమాన్ పంపారు. ఆయన తిరిగొచ్చి 1952లో ఇదే విశాఖపట్నం నుంచి లోక్‌సభకి గెలిచాడు. ఇదే ఊళ్ళో చదువుకుంటున్న మనలో ఎంతమందికి ఈ సంగతి తెలుసు?

అందుకే నా డబ్బాకి విల్లు, బాణం కోశాను. చేసే పద్ధతి చెప్తాను. నల్ల చార్టు మీద బొమ్మ గీసి బ్లేడుతో కోయాలి. విల్లుకీ తాడుకీ మధ్య ముక్క ఊడిపోకుండా రెండు మూడు చోట్ల సన్నటి పట్టీలు వదలాలి. అక్షరాలు కోసినా అంతే, సున్నా మధ్యలో ముక్కకి పట్టీ లేకపోతే రాలిపోతుంది. గోడ మీద గుర్తు స్పష్టంగా పడాలంటే ఒక్కటే చిన్న ఎల్‌ఈడీ వాడాలి. పొడుగు స్ట్రిప్ పెడితే అంచులు మసకబారతాయి. గోడ అక్కర్లేదు, డబ్బా మీదే గుర్తు వెలగాలంటే చార్టు వెనక బటర్ పేపర్ అంటించండి. డబ్బా కింది వైపు తెరిచి ఉంచి, లోపలంతా బిస్కెట్ ప్యాకెట్ల వెండి రేకు అంటిస్తే పుస్తకం మీద వెలుగు బాగా పడుతుంది. ఫోన్ ఛార్జర్‌కి పెట్టే 5 వోల్టుల యూఎస్‌బీ బల్బు మాత్రమే వాడండి. అట్టపెట్టెలో కరెంటు బల్బు పెట్టొద్దు, అంటుకుంటుంది.

"పరీక్షలు రాసుకోక ఈ బొమ్మలెందుకు" అని ఒక అన్న అన్నాడు. అన్నా, చదువు కోసమే కదా లైటు. మన ఇళ్ళలో కాలేజీ గడప తొక్కిన మొదటివాళ్ళం మనం. ఇక్కడికొచ్చాక ఏ ఊరు, ఏ తెగ అని అడిగితే గొంతు తగ్గించి చెప్పేవాళ్ళని చూస్తూనే ఉన్నాం. టేబుల్ మీద విల్లు వెలుగుతుంటే అడిగినవాడికి తలెత్తి కథ చెప్పొచ్చు. మా వీధిలో వలలు బాగుచేసే కుర్రాడొకడు నా లైటు చూసి ఎవరిదిరా ఈ విల్లు అని అడిగాడు. అరగంట చెప్పాను. మర్నాడు వాడు తన డబ్బాకి తెప్ప బొమ్మ కోసుకున్నాడు. మనది మనం చూపిస్తే ఎదుటివాడికీ తనది గుర్తొస్తుంది.

బ్యాట్‌మన్‌ని తీసేయమనట్లేదు. పక్కన మన వాళ్ళకీ చోటివ్వమంటున్నా. అరకు, పాడేరు, సీతంపేట, రంపచోడవరం తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, మీ వైపు పోరాడినవాళ్ళు ఎవరో ఇంట్లో పెద్దల్ని అడగండి. వాళ్ళ గుర్తు కోసి, ఫోటోతో పాటు నాలుగు ముక్కలు వాళ్ళ కథ కూడా ఇక్కడ రాయండి.

జై ఆదివాసీ.