మిడతను గట్టు మీదే ఆపాలి

2020 వేసవిలో మిడత పేరు చెబితే దేశమంతా ఉలిక్కిపడింది. రాజస్థాన్‌లో దిగిన దండు మధ్యప్రదేశ్ మీదుగా మహారాష్ట్ర దాకా వచ్చింది. తెలంగాణ సరిహద్దు జిల్లాల్లో అధికారులు అప్రమత్తమయ్యారు. అనంతపురం జిల్లా రాయదుర్గంలో జిల్లేడు చెట్ల నిండా మిడతలు కనిపిస్తే ఆ దండే వచ్చిందని జనం బెంబేలెత్తారు. అవి జిల్లేడును తినే మన ప్రాంతపు మిడతలేనని తరువాత తేలింది. భయం పోయింది. దాంతోపాటు మిడత గురించిన మాటా పోయింది.

పోవలసింది కాదు. ఎడారి మిడత మీద నిఘాకు 1939 నుంచి ఒక హెచ్చరిక సంస్థ ఉంది. ఉండాల్సిందే. చదరపు కిలోమీటరు దండు ఒక్క రోజులో దాదాపు 35 వేల మందికి సరిపడే తిండి తినేస్తుందని ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ చెబుతోంది. మరి ఏటా తొలకరి తరువాత మన గట్ల మీదే పుట్టి, వరి నారునూ, పెరట్లో బెండ, చిక్కుడు మొక్కలనూ కొరికే మిడత గురించి మనల్ని హెచ్చరించేదెవరు? పెరటి మడికి బీమా లేదు, పరిహారం లేదు. అది ఇంటి ఆడవాళ్ల రెక్కల కష్టం. ఇంటికి కూర, సంతలో నాలుగు రూపాయలు. పోతే ఏ లెక్కలోకీ రాదు.

మందు కొడితే పోదా అని అడిగేవాళ్లున్నారు. రెక్కలొచ్చిన మిడత పక్క చేలోకి ఎగిరిపోతుంది, రెండు రోజులాగి తిరిగొస్తుంది. మందు మాత్రం ఆకు మీదే ఉండి మన కంచంలోకి వస్తుంది. కూరగాయల మీద మోనోక్రోటోఫాస్ వాడకాన్ని కేంద్రం 2005లోనే నిషేధించింది. అయినా పురుగు ఏదని అడగకుండానే డబ్బా చేతిలో పెట్టే దుకాణాలను మనం చూస్తూనే ఉన్నాం. సలహా చెప్పేవాడూ సరుకు అమ్మేవాడూ ఒక్కడే అయితే జరిగేది ఇదే.

మేము చెప్పేది ఒక్కటే: రెక్కలు రాకముందే మిడత పని పట్టాలి. వరి మిడత శీతాకాలం ముందు గట్ల మట్టిలో గుడ్లు పెడుతుంది. అవి వేసవంతా నేలలోనే ఉండి, తొలకరి తడికి పిల్లలవుతాయి. అందుకే వేసవి దుక్కి దున్నాలి, గట్లు చెక్కాలి. బయటపడ్డ గుడ్లను ఎండా, పక్షులూ చూసుకుంటాయి.

పిల్లలు పుట్టాక మాత్రం పెరటి చుట్టూ గడ్డి ఒక్కసారిగా కోయకండి. తిండి పోయిన మిడతలు నేరుగా మడిలోకే వస్తాయి. తెల్లవారుజామున చలికి అవి మందంగా ఉంటాయి. అప్పుడు ఏరి సబ్బు నీళ్లలో వేయవచ్చు. లేత నారుకు కిటికీలకు కొట్టే ఇనుప జాలీ కప్పండి. పాత చీరనైతే మిడత కొరికేస్తుంది. అర కిలో వేపగింజల పొడిని రాత్రి నానబెట్టి, గుడ్డలో వడకట్టి, పది లీటర్లు చేసి, కాస్త సబ్బు కలిపి సాయంత్రం చల్లండి. అది మిడతను అక్కడికక్కడే చంపదు, ఆకు తిననివ్వదు. వాన పడితే మళ్లీ చల్లాలి. పెరట్లో తిరిగే కోళ్లూ మంచి కావలే. అందుకే విషపు ఎర జోలికి పోవద్దు.

ఇవన్నీ ఒక్క ఇల్లు చేస్తే చాలదు. మన గట్టు చెక్కుకున్నా, పక్క బీడులో పుట్టిన మిడత మన మడికే వస్తుంది. కాలువ గట్టు, పోరంబోకు, బీడు ఎవరివి? ఊరివి. కనుక పని కూడా ఊరిదే. వేసవిలో ఉమ్మడి గట్ల శుభ్రతను ఉపాధి పనుల్లో చేర్చాలని, తొలకరికి ముందే వ్యవసాయ సిబ్బంది ఊరూరా వచ్చి గుడ్లను ఎలా గుర్తించాలో చూపాలని మేము డిమాండ్ చేస్తున్నాం. ఆ సమావేశానికి పట్టాదారులనే కాదు, కౌలు రైతులనూ పెరడు పెంచే మహిళలనూ పిలవాలి.

ప్రభుత్వం కదిలేదాకా చేతులు కట్టుకు కూర్చోనక్కర్లేదు. ప్రతి గ్రామ శాఖ వచ్చే వేసవిలో ఒక రోజు ఖాయం చేసుకోవాలి. ఆ రోజు ఊరంతా పారలు పట్టుకుని గట్ల మీదికి రావాలి. మిడత దండు కడుతుంది. మనమూ కట్టాలి.