చూపుడు వేలికి 14 శాతం

మన కార్మిక చట్టాల్లో ఒక పట్టిక ఉంది. బొటనవేలు పోతే 30 శాతం. చూపుడు వేలు మొత్తం పోతే 14, మధ్య వేలికి 12, ఉంగరపు వేలైనా చిటికెన వేలైనా 7. ఒకే చేతికి మూడు వేళ్లు తెగితే 30. మనిషి సంపాదించే శక్తిలో ఎంత పోయిందో తేల్చే కొలబద్ద ఇది. 1923 నాటి పరిహార చట్టం నుంచి ఈఎస్ఐ దాకా లెక్కంతా దీని మీదే నడుస్తూ వచ్చింది. పోయిన వేలికి ఇందులో ధర ఉంది. మిగిలిన వేళ్లతో ఆ మనిషి ఏ పని చేయగలడో రాసుకోవడానికి మాత్రం గడి లేదు.

జీడిమెట్లలో ఓ చిన్న ప్రెస్‌ షాపు అనుకుందాం. పవర్‌ ప్రెస్‌ కింద రేకు సర్దుతున్న హెల్పర్‌కు రెండు వేళ్లు నలిగిపోయాయి. అక్కడి నుంచి అతని కాగితం ఎన్ని చేతులు మారుతుందో చూడండి. ప్రమాద నివేదిక పంపాల్సింది యజమాని. మొదట చూసి సర్టిఫికెట్‌ ఇచ్చే డిస్పెన్సరీ రాష్ట్ర ప్రభుత్వ బీమా వైద్య విభాగానిది. ఆపరేషన్‌ చేసే సనత్‌నగర్‌ ఆసుపత్రి కేంద్రం కింద ఉన్న ఈఎస్ఐ కార్పొరేషన్‌ది. డబ్బులు వేసే బ్రాంచి ఆఫీసు కూడా కార్పొరేషన్‌దే, కానీ వేరే విభాగం. వైకల్యం ఎంతో తేల్చేది మెడికల్‌ బోర్డు. ఆ ప్రెస్‌కు గార్డు ఎందుకు లేదని అడగాల్సింది ఫ్యాక్టరీల శాఖ. ఇతణ్ని పనిలో పెట్టుకున్నది లేబర్‌ కాంట్రాక్టర్‌. ఇంతమందిలో ‘ఈ మనిషి మళ్లీ పనిలోకి ఎప్పుడు, ఏ పనిలోకి వెళ్తాడు’ అన్న ప్రశ్న ఎవరి ఫైలులోనూ ఉండదు. ఎవరూ తప్పు చేయకుండానే అతను రోడ్డున పడే వీలుంది. నన్ను బాధపెట్టేది అదే.

ఈఎస్ఐ ఉన్నవాడు నిజానికి అదృష్టవంతుడు. చికిత్స ఉచితం, తాత్కాలికంగా పని చేయలేని రోజులకు సగటు కూలిలో 90 శాతం చేతికొస్తుంది. చిక్కు ఆ తర్వాతే మొదలవుతుంది. 1948 నాటి ఈఎస్ఐ చట్టం 63వ సెక్షన్‌ పని చేసిన రోజుకు ఈ భత్యం రాదని చెప్పింది. వినడానికి న్యాయంగానే ఉంది. కానీ కుట్లు మానుతున్నవాడు రోజుకు మూడు గంటలు స్టోర్స్‌లో కూర్చుని సరుకు లెక్క రాయగలిగితే? కుదరదు. అన్‌ఫిట్‌ అయితే ఇంట్లో ఉండాలి, ఫిట్‌ అయితే ఎనిమిది గంటలూ ప్రెస్‌ ముందు నిలబడాలి. నడిమధ్య మెట్టు లేదు. అదే చట్టం 73వ సెక్షన్‌ మరో మంచి మాట చెప్పింది: భత్యం అందుకుంటున్న కాలంలో కార్మికుణ్ని తీసేయకూడదు. అంటే ఫిట్‌నెస్‌ సర్టిఫికెట్‌ చేతికొచ్చిన రోజున ఆ రక్షణా ముగిసిపోతుంది. మనిషికి అండ ఎక్కువగా కావాల్సింది సరిగ్గా ఆ రోజే.

కాంట్రాక్టు కార్మికుడి సంగతి మరీ విచిత్రం. ఈఎస్ఐ చందా దగ్గరికి వచ్చేసరికి చట్టం కాంట్రాక్టర్‌ను దాటి నేరుగా ప్రధాన యజమానిని పట్టుకుంటుంది. ‘నీ ఆవరణలో పనిచేస్తే నీ మనిషే, కట్టు’ అంటుంది. గాయపడ్డవాడికి తిరిగి పని ఇవ్వాలన్నప్పుడు మాత్రం ఆ ప్రధాన యజమాని ఎవరికీ గుర్తుండడు.

సర్కారీ కొలువైతే పరిస్థితి వేరు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 20వ సెక్షన్‌ ప్రకారం, ఉద్యోగంలో ఉండగా వైకల్యం వచ్చినవాణ్ని ప్రభుత్వ సంస్థ తీసేయకూడదు, స్థాయి తగ్గించకూడదు. తగిన మరో పోస్టుకు అదే జీతంతో మార్చాలి, అలాంటిది లేకపోతే అదనపు పోస్టు సృష్టించాలి. ప్రైవేటు ఫ్యాక్టరీకి ఈ నియమం వర్తించదు. వేళ్లు ఎక్కువగా తెగేది ఎక్కడో తెలిసినవాళ్లు ఈ మినహాయింపును ఏమంటారో వారికే వదిలేస్తాను.

2025 ఆగస్టు 1న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఇక్కడ చెప్పుకోదగ్గది. రంగులు గుర్తించలేడని వైద్యపరంగా ఇంటికి పంపిన ఓ ఆర్టీసీ డ్రైవర్‌కు తగిన ఉద్యోగం ఇవ్వాలని తెలంగాణ ఆర్టీసీని ఆదేశించింది. అతనిది ప్రమాద గాయం కాదు, నిజమే. అయినా కోర్టు ఆసరా చేసుకున్నది 1979లో యాజమాన్యం, కార్మిక సంఘాలు చేసుకున్న ఒప్పందాన్ని. అలాంటి డ్రైవర్లకు ప్రత్యామ్నాయ ఉద్యోగం ఇస్తామని అందులో రాసుకున్నారు. రెండు పక్షాలు కూర్చుని రాసుకున్న ఒక్క షరతు నలభై ఆరేళ్ల తర్వాత ఒక కుటుంబానికి అన్నం పెట్టింది. సంఘాలు జీతాల ఒప్పందాల్లో ఇలాంటి షరతు ఎందుకు అడగవో నాకు అర్థం కాదు.

కార్మికుడెప్పుడూ తిరిగి పనికే రావాలనుకుంటాడనీ అనుకోనక్కర్లేదు. సింగరేణిలో భూగర్భ పనికి పనికిరానివాడిని పైన తేలిక పనిలో పెట్టడం ఒక దారి. మెడికల్‌ బోర్డు పూర్తిగా అన్‌ఫిట్‌ చేస్తే వారసుడికి ఉద్యోగం దక్కడం మరో దారి. డిగ్రీ చదివి ఖాళీగా ఉన్న కొడుకు ఇంట్లో ఉంటే ఏ తండ్రి సర్ఫేస్‌ పని కోరుకుంటాడు? ఆ తండ్రిది తప్పు కాదు. మనం పెట్టిన ప్రోత్సాహకం అటువైపు నెడుతోంది.

ప్రోత్సాహకం ఎటు నెట్టాలో జర్మనీ చాలా ముందే తేల్చుకుంది. 1884లో పెట్టిన ప్రమాద బీమాను అక్కడ పరిశ్రమల వారీగా ఏర్పడ్డ సంఘాలు నడుపుతాయి. నివారణ, చికిత్స, పునరావాసం, పింఛను అన్నీ ఒకే సంచిలోంచి పోతాయి. మనిషి పనికి మళ్లితే ఆ సంచికే లాభం, అందుకే పింఛనుకన్నా ముందు పునరావాసం అన్నది వాళ్లకు దయాగుణం కాదు, వ్యాపార లెక్క. ప్రమాదాలను బట్టి యజమాని చందా కూడా మారుతుంది. మన ఈఎస్ఐలో గార్డు పెట్టినవాడికీ పెట్టనివాడికీ ఒకటే: 3.25 శాతం. మలేషియాది మనకు ఇంకా దగ్గరి పాఠం. మన ఈఎస్ఐ లాంటి సంస్థే అయిన పెర్కెసో 2007లో తిరిగి పనిలోకి పంపే కార్యక్రమం మొదలుపెట్టింది. ఒక్కో కార్మికుడికి ఒక్కో కేసు మేనేజర్‌. డాక్టరుతో, యజమానితో, ఇంటివాళ్లతో మాట్లాడే బాధ్యత ఆ ఒక్కరిది.

ఆలస్యం ఖరీదు తక్కువ కాదు. పని మానేసి 20 రోజులైతే ఎప్పటికైనా తిరిగొచ్చే అవకాశం 70 శాతం, 45 రోజులకు 50, 70 రోజులకు 35 అని ఆస్ట్రేలియా వృత్తి వైద్యులు తరచూ చెబుతారు. అక్కడి అంకెలు ఇక్కడ అచ్చంగా సరిపోవు. అయినా వాలు ఎటుందో తెలియడానికి చాలు.

‘పన్నెండు మందితో నడిచే షాపులో తేలిక పని ఎక్కణ్నుంచి తేను?’ అని చిన్న యజమాని అడుగుతాడు. అడగాల్సిందే. అతని దగ్గర కూర్చుని చేసే పని ఒక్కటీ ఉండకపోవచ్చు. కానీ జీడిమెట్లలోనో పాశమైలారంలోనో ఆటోనగర్‌లోనో గోడ పక్క గోడగా షాపులున్నాయి. ప్యాకింగ్‌, తనిఖీ, గేటు రిజిస్టరు, స్టోర్స్‌ ఎవరో ఒకరి దగ్గర ఉంటాయి. ఎస్టేట్లలో పన్ను వసూలు చేసే స్థానిక సంస్థ ‘ఐలా’ ఉంది, యజమానుల సంఘాలున్నాయి. ఎస్టేటు మొత్తానికి ఖాళీ పనుల జాబితా ఒకటి పెట్టి, ఈఎస్ఐ నుంచి ఒక కేసు మేనేజర్‌ను అక్కడే కూర్చోబెట్టి, ఆ కొన్ని నెలల కూలిలో తేడాను కార్పొరేషన్‌ భరిస్తే చాలు. విడిభాగాలు కొనే పెద్ద కంపెనీలు నాణ్యత ఆడిట్‌కు మనుషుల్ని పంపుతూనే ఉన్నాయి. ఈ జాబితానూ అడిగి చూడమనొచ్చు.

1923, 1948 నాటి ఆ చట్టాల స్థానంలో 2025 నవంబరు 21న సామాజిక భద్రతా కోడ్‌ అమల్లోకి వచ్చింది. దాని కింద సర్టిఫికెట్‌ నమూనా ఒక్కటి మార్చినా పని మొదలవుతుంది. ఫిట్‌, అన్‌ఫిట్‌ల మధ్య ఇంకో గడి గీయాలి. ఎన్ని కిలోలు ఎత్తగలడు, ఎంతసేపు నిలబడగలడు, ఏ చేత్తో పని వద్దు అని డాక్టరు అందులో రాయాలి. రాసిన కాగితం నకలు యజమానికి అదే రోజు చేరాలి.