రెల్లు గడ్డి: తొలగించే ముందు పరిశీలించాలి

కాళేశ్వరం వద్ద ప్రాణహిత గోదావరిలో కలిసే చోట ఇసుక మేటల మీద, ఒడ్డు వెంబడి రెల్లు గడ్డి విస్తారంగా పెరుగుతుంది. దీని శాస్త్రీయ నామం శాకరం స్పాంటేనియం. వర్షాకాలం ముగిసి బతుకమ్మ పండుగ వచ్చే నాటికి తెల్లని కంకులతో ఒడ్డంతా నిండిపోయే ఈ బహువార్షిక గడ్డిని వరి, పత్తి, మిరప పండించే రైతు సహజంగానే కలుపుగా చూస్తాడు. గట్ల మీది కలుపు పురుగులకు, తెగుళ్లకు ఆశ్రయమిస్తుంది కనుక దానిని తొలగించాలన్నది విస్తరణ విభాగం చిరకాలంగా ఇస్తున్న సలహా. ఆ సలహా మూలంలో సరైనదే. అయితే ఏ గడ్డి, ఏ పురుగుకు, ఏ పంట పక్కన అన్న ప్రశ్నలు వేయకుండా దానిని రెల్లుకు వర్తింపజేయడం శాస్త్రీయం కాదు.

మొదట శిలీంధ్రాల సంగతి. చెరకుకు కాటుక తెగులు కలిగించే స్పోరిసోరియం సైటమినియం రెల్లుపై కూడా జీవిస్తుంది. నల్లని కొరడా వంటి భాగం నుంచి సిద్ధబీజాలు గాలిలో వ్యాపిస్తాయి. కాబట్టి జహీరాబాదు వంటి చెరకు ప్రాంతాలలో తోటల పక్కనున్న తెగులు సోకిన రెల్లు దుబ్బులను తీసివేయడం అవసరం. కానీ ఈ శిలీంధ్రం వరికి, పత్తికి, మిరపకు సోకదు. చెరకు లేని గ్రామంలో అదే కారణం చూపి రెల్లును నిర్మూలించమనడం అర్థరహితం.

రెండవది, పోలికను బట్టి గుర్తించడంలోని ప్రమాదం. గడ్డిపై కనిపించే మచ్చ వరిపై మచ్చను పోలినంత మాత్రాన రెండింటికీ కారణం ఒకటే కానక్కరలేదు. డిజిటేరియా గడ్డిపై వచ్చే శిలీంధ్రం, వరిలో అగ్గితెగులు కలిగించే శిలీంధ్రం వేర్వేరు జాతులని 2002లో నిర్ధారించారు. పురుగుల విషయంలోనూ ఇంతే. పశ్చిమ ఆఫ్రికాలో అరికె జాతి గడ్డిపై గొట్టాలు కలిగించే ఓర్సియోలియా బొంజీ అనే ఈగ వరిని ఆశించదు. కానీ దానిపై పెరిగే ప్లాటిగాస్టర్, అప్రోస్టోసీటస్ పరాన్నజీవులు అక్కడి వరి ఉల్లికోడును కూడా నాశనం చేస్తాయి. అంటే, శత్రువుకు ఆశ్రయంగా భావించిన గడ్డి నిజానికి మిత్రపురుగుల నిలయం. 4ఎం బయోటైపు ఉల్లికోడును ఎదుర్కొంటున్న వరంగల్ ప్రాంతానికి ఈ అనుభవం గమనార్హం. అయితే అక్కడి ఫలితాన్ని ఇక్కడ పరీక్షించకుండా సిఫారసుగా మార్చరాదు.

రెల్లుపై బతికే పైరిల్లాకు కూడా ఎపిరికానియా అనే సహజ శత్రువు ఉంది. పొదను తగులబెడితే రెండూ పోతాయి. భూమిలోని కాండం మాత్రం మిగిలి మళ్లీ చిగురిస్తుంది.

ఈ గడ్డికి మరో విలువ ఉంది. 1912లో ఏర్పడిన కోయంబత్తూరు చెరకు ప్రజనన కేంద్రంలో బార్బర్, వెంకట్రామన్ సాగు చెరకును రెల్లుతో సంకరపరచగా కో 205 రకం వచ్చింది. నేటి చెరకు రకాలలోని దృఢత్వానికి, తెగుళ్లను తట్టుకొనే గుణానికి రెల్లు జన్యువులే ప్రధాన ఆధారం. నది ఒడ్డున ఇసుకను పట్టి ఉంచేవి కూడా దీని వేళ్లే. అలాగని రెల్లును కీర్తించనవసరం లేదు. పనామా కాలువ పరీవాహక ప్రాంతంలో ఇది అడవిని తిరిగి పెరగనివ్వని సమస్యగా మారింది. పొలంలోకి చొరబడిన రెల్లును దుంపలతో సహా తవ్వి తీయవలసిందే.

కావలసింది స్థానిక సమాచారం. కాళేశ్వరం నుంచి మహదేవపూర్ వరకు ఒడ్డు వెంట వానకాలం, యాసంగి, వేసవి కాలాలలో రెల్లును పరిశీలించాలి. సేకరించిన గుడ్లను, పిల్లపురుగులను ప్రయోగశాలలో పెంచి బయటికి వచ్చే పరాన్నజీవులను గుర్తించాలి. శిలీంధ్రాలను వేరుచేసి పంట మొక్కలపై కృత్రిమంగా సోకించి చూడాలి. స్నాతకోత్తర విద్యార్థుల పరిశోధనకు ఇది తగిన అంశం. ఖర్చు తక్కువ, ప్రయోజనం ప్రత్యక్షం.

అంతవరకు విస్తరణ శాస్త్రవేత్తలు కరపత్రాలలో ‘కలుపును తొలగించండి’ అన్న వాక్యానికి బదులు ఏ గడ్డిని, ఏ పంట పక్కన, ఏ కారణంగా తొలగించాలో రాయడం మేలు. కారణం తెలిసిన రైతు అవసరమైన చోటే మందు చల్లుతాడు. కారణం చెప్పని సలహా వల్ల నది ఒడ్డు, మిత్రపురుగులు, రైతు డబ్బు మూడూ నష్టపోతాయి.